అమ్మీ మరపు, మా పరీక్ష

జుహ్ర్ నమాజు వేళ దాటి గంటన్నర అయింది. మా అమ్మీ అప్పటికి మూడుసార్లు నమాజు చేసింది. నాలుగోసారి వజూ చేసుకొని, తడి చేతులను కొంగుకు తుడుచుకుంటూ మళ్లీ జానమాజు పరుస్తోంది. "ఇందాకే చేశావు కదా అమ్మీ, ఇంకెన్నిసార్లు?" అని మా భయ్యా గొంతు పెంచాడు. ఆమె బెదిరిపోయి గోడవైపు జరిగింది. హన్మకొండ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడిన నన్ను చూసి, "నువ్వెవరి బిడ్డవమ్మా?" అని తెలుగులో అడిగింది.

ఆ ప్రశ్నకన్నా ఆ ప్రశ్న అడిగిన భాష నన్ను ఎక్కువగా గాయపరచింది. మొగుళ్లపల్లిలో పుట్టి పెరిగిన మా ఇంట్లో భాషలకు ఒక కట్టుబాటు ఉంది. గడపకు లోపల ఉర్దూ, గడపకు బయట తెలుగు. పాలు పోసే మనిషితో, పత్తి ఏరడానికి వచ్చే కూలీలతో, పక్కింటి అవ్వతో అమ్మీ తెలుగు మాట్లాడేది. మాతో ఒక్క మాటయినా తెలుగులో అనేది కాదు. ఆ రోజు ఆమె నన్ను గడపకు బయటి మనిషిగా చూసింది.

నేను ప్రయాణపు అలసటతో, అంతకుమించి భయంతో, "ఛీ, నేనెవరో కూడా తెలియదా?" అన్నాను.

దివ్య ఖుర్‌ఆన్ 17వ అధ్యాయం 23వ వాక్యం చిన్ననాడు మదర్సాలో నేర్చుకున్నదే. తల్లిదండ్రులు మన దగ్గర ముసలివారైనప్పుడు వారిపట్ల విసుగు తెలిపే చిన్న మాట కూడా పలకవద్దని అల్లాహ్ అక్కడ ఆదేశించాడు. నేను బడిలో పిల్లలకు నీతి పాఠాలు చెప్పే ఉపాధ్యాయినిని. సరిగ్గా ఆ మాటే నా నోట వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి ఆ మాటే కారణం.

అమ్మీ మరపు ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట తాళంచెవులు, తర్వాత పొయ్యిమీది పాలు, ఆ తర్వాత ఇంటి దారి. మొదటి ఏడాది మా ఇంటికి వచ్చిన ప్రతివారూ ఒక కారణం చెప్పారు. ముసలితనం అన్నారు కొందరు. గాలి సోకిందని కొందరు. ఒక బంధువు తావీజు తెచ్చి ఆమె మెడలో కట్టబోతే భయ్యా మర్యాదగానే వద్దన్నాడు. అల్లాహ్‌నే వేడుకుంటాం, దారానికి శక్తి ఉందని నమ్మబోమన్నాడు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదని ఊళ్లో మందులిచ్చే ఒకాయన నిద్రమాత్రలు రాశాడు. ఆ మాత్రలతో పగలంతా మత్తు, రాత్రంతా గందరగోళం. అలా ఒక సంవత్సరం చేతులారా పోగొట్టుకున్నాం.

చివరకు నరాల వైద్యునికి చూపించాం. అమ్మీకి చదువు రాదు. అందుచేత ఆయన ఆమెను కాగితం మీద ఏమీ రాయమనలేదు. ఈ నెల ఏది, రంజాన్ ఎప్పుడు వచ్చింది, బిర్యానీలో ముందు ఏం వేస్తావు, మార్కెట్టుకు ఏ దారిన వెళతావు అని అడిగారు. రక్తంలో బి12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు, తలకు స్కానింగు చేయించారు. ఈ రెంటి లోపం వల్లా, తలలో గడ్డకట్టిన నెత్తురు వల్లా, తీవ్రమైన దిగులు వల్లా కూడా మరపు వస్తుందని, అవి అయితే చికిత్సతో చాలావరకు తగ్గుతాయని, అందుకే ముందుగా వాటిని తోసిపుచ్చాలని వివరించారు. నిద్రమాత్రలు ఆపించారు. అమ్మీ కాస్త తేరుకుంది. అయినా మరపు మిగిలింది. "ఇది ఆల్జీమర్స్ వ్యాధి అమ్మా" అన్నారు.

వ్యాధి అనే ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దకు కొందరు పల్లీయులు వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగిన సంఘటన అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. చేయించుకోండి, అల్లాహ్ ఏ రోగాన్నీ మందు లేకుండా పంపలేదు, ఒక్కదానికి తప్ప అని ఆయన బదులిచ్చారు. ఆ ఒక్కటీ ఏదని అడిగితే వార్ధక్యమని చెప్పారు. మరి మా అమ్మీకి వచ్చింది రోగమా, వార్ధక్యమా? వార్ధక్యమైతే సహనం వహించి సేవ చేయాలి. రోగమైతే సేవతోపాటు మందును కూడా వెతకాలి. ఇంతకాలం ముసలితనమేనని చెప్పి మేము వెతకకుండా కూర్చున్నాం.

ఈ రెండింటి మధ్య గీత గీసిన సంఘటన నూట ఇరవై ఏళ్లనాటిది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 1901లో ఆగస్టా డేటర్ అనే స్త్రీ చేరింది. అప్పటికి ఆమె వయస్సు 51 ఏళ్లే. భర్త పేరు అడిగితే తన పేరే చెప్పేది. ఆమెను చూసిన వైద్యుడు అలాయిస్ ఆల్జీమర్. 1906లో ఆమె మరణించాక మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, నరాల కణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనుగొన్నాడు. అదే సంవత్సరం నవంబరు 3న ట్యూబింగన్‌లో జరిగిన వైద్యుల సభలో ఆ విషయం చెప్పాడు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ వ్యాధికి ఆల్జీమర్ పేరే పెట్టాడు. వయస్సు మీరినకొద్దీ ఈ వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుంది. అంతమాత్రాన ముసలితనమంటే ఇదే అనలేం. ఎనభై దాటినా పంట లెక్కలు పైసలతో సహా చెప్పగల పెద్దలు మన ఊళ్లలో ఎందరు లేరు!

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, మతిమరపు వ్యాధులు ఉన్నట్లు 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా కట్టింది. పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఇవి ఎక్కువ. మా అమ్మీ స్త్రీ, పల్లెవాసి, చదువుకోని మనిషి. ఆ అంకెలలో ఆమె ముఖం నాకు కనిపించింది.

వైద్యుడు రాసిన మందులు మరపు వేగాన్ని కొంతకాలం తగ్గించగలవేగాని జబ్బును మాన్పవని ఆయనే చెప్పారు. సరిగ్గా ఆ నిరాశలో ఉండగా హైదరాబాదులో పనిచేసే భయ్యా కొడుకు ఫోనులో ఒక వీడియో పంపాడు. కుర్చీలో కూర్చున్న ముసలాయన తలమీద ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న ఒక పరికరం పెడతారు. టకటకమని చప్పుడవుతుంది. కోత లేదు, మత్తు లేదు, నొప్పి లేదు. అయస్కాంత శక్తితో మెదడును మేల్కొలిపి జ్ఞాపకాలను తిరిగి తెస్తామని దాని కింద రాసి ఉంది. ఒక నగరంలోని ప్రైవేటు కేంద్రంవారిని వాడు ఫోనులో అడిగాడు. ముప్పై విడతల చికిత్స అన్నారు, పెద్ద మొత్తమే చెప్పారు. ఫలితం ఖాయమన్నారు.

మా దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది అమ్మీ పేరిట ఉన్న ఒక ఎకరం చెలక. అది మా నానా చనిపోయినప్పుడు షరీఅత్ ప్రకారం ఆమె వాటాకు వచ్చిన భూమి. ఊళ్లో ఆడపిల్లలకు భూమి ఇచ్చే అలవాటు లేని రోజుల్లో మా నానా కుటుంబం ఆమె హక్కు ఆమెకు ఇచ్చింది. అమ్మీ ఆ సంగతి గర్వంగా చెప్పుకొనేది. "దాన్ని అమ్ముదాం. ఆమె భూమి ఆమె కోసమే కదా" అన్నాడు భయ్యా. అతని కళ్లలో నీళ్లు. కాదనడానికి నాకు నోరు రాలేదు, సరేననడానికి మనస్సు ఒప్పలేదు. సమ్మతి చెప్పగల స్థితిలో ఆమె లేదు. తెలివి చాలని వారి ఆస్తి మన చేతిలో ఉన్నప్పుడు మనం యజమానులం కాము, సంరక్షకులం. నాలుగో అధ్యాయమైన సూరె నిసాలో అల్లాహ్ అలాంటివారి సొమ్ము విషయంలో ఎంత జాగ్రత్త చెప్పాడో మనకు తెలుసు. ఆ ఎకరం అమానతు. దాన్ని ఖర్చు చేసే ముందు తెలుసుకోవలసింది తెలుసుకోకపోతే రేపు లెక్క చెప్పుకోవలసింది మేమే.

వారం గడువు అడిగాను. ఆ వారంలో చదివినదీ, మా వైద్యుణ్ణి అడిగి తెలుసుకొన్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వీడియో రేపు మీ ఇంటి ఫోనుకూ రావచ్చు.

ఈ యంత్రం వెనుక ఉన్న శాస్త్రం నిజమైనదే. మారే అయస్కాంత క్షేత్రం పక్కనున్న తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్నాడు. మెదడులోని నరాల కణాలు కూడా విద్యుత్ సంకేతాలతోనే పనిచేస్తాయి. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తీగచుట్టను తలకు ఆనించి, అయస్కాంత స్పందనను కపాలం గుండా లోపలికి పంపింది. మెదడులో చేతిని కదిలించే భాగంపై దాన్ని ప్రయోగిస్తే మనిషి ప్రమేయం లేకుండానే చెయ్యి కదిలింది. ఎముక అయస్కాంతాన్ని ఆపలేదు, అందుకే కోత అక్కరలేదు. ఈ స్పందనలను పదేపదే పంపే పద్ధతిని మందులకు లొంగని దిగులు వ్యాధికి వాడటానికి 2008లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఇంకో పద్ధతిలో తడిపిన స్పాంజీల ద్వారా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల స్వల్ప విద్యుత్తును తలమీదుగా పంపుతారు. పాత సినిమాల్లో చూపించే కరెంటు షాకుకూ వీటికీ సంబంధం లేదు. ఆ చికిత్సలో మూర్ఛ తెప్పిస్తారు, దానికి మత్తు కావాలి. ఇక్కడ మనిషి మెలకువగానే ఉంటాడు.

మరి ఆల్జీమర్స్ మాట? ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ అయస్కాంత ప్రభావం మెదడు పైపొరలో రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే చేరుతుంది. కొత్త జ్ఞాపకాలను కూర్చే భాగం అంతకంటే లోతున ఉంది. అందువల్ల పరిశోధకులు దానితో నరాల దారులు కలిసి ఉన్న పైభాగాలను ఎన్నుకొని ప్రయత్నిస్తున్నారు. రోమ్ నగరంలోని శాంటా లూసియా ఫౌండేషన్‌లో జాకొమో కోక్ బృందం 50 మంది రోగులపై 24 వారాలు చేసిన పరీక్ష 2022లో ప్రచురితమైంది. మొదటి రెండు వారాలు వారానికి ఐదు రోజులు, తర్వాత వారానికి ఒకసారి చికిత్స. సగం మందికి నిజమైన స్పందన, మిగిలినవారికి చప్పుడు తప్ప ప్రభావం లేని ఉత్తుత్తి స్పందన. ఎవరికి ఏది అందుతోందో రోగులకు తెలియదు. చివరికి ఉత్తుత్తి చికిత్స పొందినవారి స్థితి దిగజారింది, నిజమైన చికిత్స పొందినవారి స్థితి దాదాపు ఉన్నచోటే నిలిచింది. ఇది చిన్న విషయం కాదు. అయితే జాగ్రత్తగా చదవాలి. వారు వ్యాధి తొలి, మధ్య దశల్లో ఉన్నవారు. పోయిన జ్ఞాపకాలు తిరిగి రాలేదు, ఉన్నవి కొంతకాలం నిలిచాయి. పరీక్షలో పాల్గొన్నది యాభై మందే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇదే తరహా అయస్కాంత చికిత్సకు మెదడుకు పదును పెట్టే అభ్యాసాలను జోడించిన ఒక పరికరాన్ని 2019లో అమెరికా నియంత్రణ సంస్థ ముందు ఉంచారు. దాని ప్రయోజనం తగినంతగా రుజువు కాలేదని నిపుణుల సలహా సంఘం అభిప్రాయపడింది. మన దేశంలోనూ బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థల్లో కోతలేని మెదడు ప్రేరణపై పరిశోధన సాగుతోంది. అంటే దారి తెరిచే ఉంది. గమ్యం ఇంకా రాలేదు.

మా వైద్యుడు యంత్రాన్ని తీసిపారేయలేదు. దాన్ని అమ్మే మాటను మాత్రమే సందేహించారు. మూడు ప్రశ్నలు అడగమన్నారు. మొదటిది, మీరు చేసేది పరిశోధనా, రుజువైన చికిత్సా? పరిశోధన అయితే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఉండాలి. పైగా భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాల ప్రకారం పరిశోధన ఖర్చును రోగి మీద వేయకూడదు. చికిత్స అని డబ్బు తీసుకుంటే ఈ వ్యాధికి అది రుజువైందని చూపాలి. రెండోది, రోగి ఏ దశలో ఉన్నారో చూడకుండానే ఫలితం ఖాయమని ఎలా చెబుతున్నారు? మూడోది, ఎవరికి చేయకూడదో చెప్పారా? తల లోపల లోహపు క్లిప్పులు ఉన్నవారికి, మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదం ఉండవచ్చు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారి విషయం నిపుణులు చూసి నిర్ణయించాలి. ఎలాంటి ఇబ్బందీ లేనివారిలోనూ అరుదుగా మూర్ఛ రావచ్చు.

భయ్యా స్వయంగా ఫోను చేసి ఈ మూడూ అడిగాడు. నమోదు సంఖ్య లేదన్నారు. మూడో ప్రశ్నకు, వచ్చాక చూద్దామన్నారు. ఈ నెలాఖరులోపు కడితే తగ్గింపు ఇస్తామన్నారు. ఫోను పెట్టేసి భయ్యా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దారానికి శక్తి ఉందంటే నమ్మలేదు. తీగకు ఉందంటే నమ్మబోయాను" అన్నాడు. తీగకు కొంత శక్తి నిజంగానే ఉంది. కాని ఉన్నదానికన్నా ఎక్కువ ఉందని చెప్పి అమ్మేవాడి దగ్గర తావీజుకూ యంత్రానికీ తేడా ఉండదు.

చెలక మిగిలింది. అమ్మీ మాత్రం అలాగే ఉంది. ఏమీ చేయలేమా అనే ప్రశ్న మా ముందే ఉంది.

వెతుకుతుండగా నాకు మన హైదరాబాదులోనే జరిగిన ఒక పరిశోధన కంటబడింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరపు వ్యాధిగ్రస్తుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడేవారు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు మాట్లాడే నగరం కదా అది. ఒకే భాష తెలిసినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. కనుక ఇది బడి చదువు ఫలమని కొట్టివేయడానికి లేదు. ఒక భాషను అణచి ఇంకొకదాన్ని ఎన్నుకొంటూ ఉండటం మెదడుకు నిత్య వ్యాయామమని వారు భావించారు. వేరే దేశాల్లో సాగిన కొన్ని దీర్ఘకాల అధ్యయనాలు ఈ ప్రయోజనాన్ని చూపలేదు కాబట్టి దీన్ని తుదిమాటగా తీసుకోకూడదు. అయినా ఆ వ్యాసం గురించి చదువుతుంటే నాకు మా గడప గుర్తుకు వచ్చింది. లోపల ఉర్దూ, బయట తెలుగు. అరవై ఏళ్లపాటు ఆ గడప దాటిన ప్రతిసారీ మా అమ్మీ మెదడులో ఒక దీపం ఆరి ఇంకొకటి వెలిగింది. ఏ యంత్రమూ లేకుండా, ఏ రుసుమూ లేకుండా. ఆ అలవాటు ఆమెకు నాలుగేళ్లు మిగిల్చిందో లేదో అల్లాహ్‌కే తెలుసు.

అప్పుడు నాకు మా తప్పు కూడా తెలిసింది. మరపు మొదలైనప్పటి నుంచి అమ్మీ గడప దాటడం మేమే మాన్పించాం. తప్పిపోతుందని భయం. పక్కింటి అవ్వ ముందు ఏదైనా అంటుందేమోనని సిగ్గు. చెవులు సరిగా వినబడటం లేదని తెలిసీ ముసలితనమేలే అనుకున్నాం. ఒక కంట్లో శుక్లం ఉందని తెలిసీ వాయిదా వేశాం. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024 నివేదికలో ఈ వ్యాధుల ముప్పును పెంచే, మనం మార్చుకోగల 14 కారణాలను పేర్కొంది. వినికిడి లోపం, సరిచేయని చూపు లోపం, ఒంటరితనం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం వాటిలో ఉన్నాయి. ఈ కారణాలన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా వేసింది. వ్యాధి వచ్చేసిన అమ్మీకి ఆ లెక్క వర్తించదు. కాని వినబడని, కనబడని మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఆమె మెదడుకు ప్రేరణ కోసం భూమి అమ్మబోయామన్నది నిజం.

పత్తి డబ్బు రాగానే ముందు కంటి ఆపరేషన్ చేయించాం. చెవి యంత్రం పెట్టించాం. దాన్ని అలవాటు చేయడానికి నెలన్నర పట్టింది. రెండుసార్లు తీసి బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. సాయంత్రాలు పక్కింటి అవ్వ మా అరుగు మీదికి రావడం మళ్లీ మొదలైంది.

నమాజు విషయం ఇమామ్ సాహెబును అడిగాం. ముగ్గురి మీదినుంచి కలం ఎత్తివేయబడిందన్న హదీసు ఆయన గుర్తుచేశారు. నిద్రపోయేవాడు మేల్కొనేవరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యేవరకు, తెలివి తప్పినవాడికి తెలివి వచ్చేవరకు. అమ్మీ నాలుగుసార్లు చేసినా, ఒక్కసారీ చేయకపోయినా ఆమె మీద లెక్క లేదు. లెక్క ఉన్నది గొంతు పెంచిన మా మీద. ఇప్పుడు భయ్యా చిన్న కూతురు దాదీ పక్కన నిలబడి వినబడేలా తక్బీర్ చెబుతుంది. రుకూకు వెళితే ఆమె కూడా వెళుతుంది. సజ్దా చేస్తే ఆమె కూడా చేస్తుంది. సలాం తిప్పాక పిల్ల జానమాజు మడిచి, "అయిపోయింది దాదీ, దుఆ చేయి" అంటుంది. చాలా రోజులు అంతటితో ఆగుతుంది. ఆగని రోజున మళ్లీ చేస్తుంది. ఎవరూ ఏమీ అనరు.

ఇంకొక మాట రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఇంతవరకు 'మేము' అని రాసినచోట్ల చాలావరకు అది మా భాభీ. స్నానం చేయించేది ఆమె, బట్టలు మార్చేది ఆమె, రాత్రి లేచి తలుపు గడియ చూసేది ఆమె. హన్మకొండలో కూర్చొని సలహాలు చెప్పింది నేను. అత్తమామల సేవ కోడలికి ధర్మశాస్త్రం విధించిన బాధ్యత కాదని, అది ఆమె చేసే ఇహ్‌సాన్ అని, బాధ్యత కన్న బిడ్డలదేనని పండితులు చెబుతారు. మన ఇళ్లలో ఇహ్‌సాన్‌ను బాకీలా వసూలు చేసుకొని, బాకీని ఇహ్‌సాన్‌లా చేస్తాం. ఒకరోజు భాభీ నాతో, "మీరు వచ్చినప్పుడు అమ్మీని చూస్తారు, నన్ను ఎవరూ చూడరు" అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. ఇప్పుడు నెలకు రెండు శని, ఆదివారాలు నేను వచ్చి అమ్మీ దగ్గర పడుకుంటాను. భాభీ పుట్టింటికి వెళుతుంది, లేదా తలుపు వేసుకొని నిద్రపోతుంది. వేసవి సెలవుల్లో అమ్మీ బాధ్యత పూర్తిగా నాది. ఇలాంటి రోగిని చూసుకొనేవారికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్ లైన్ 14567 నంబరు ఉంది. ఫోను చేయడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

అమ్మీకి నయం కాలేదు. ఆ మాట దాచి ఎవరికీ ఆశ పెట్టను. నిరుటికన్నా ఈ ఏడు ఎక్కువే మరిచిపోయింది. అబ్బా చనిపోయిన సంగతి మరిచిపోయి, పొలం నుంచి ఇంకా రాలేదేమని అడుగుతుంది. మొదట్లో నిజం చెప్పేవాళ్లం, ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. ఇప్పుడు, ఆయన నీకు ఏం తెచ్చేవాడు అమ్మీ అని అడుగుతాం. సీతాఫలాలు, అని చెప్పి ఆ కబుర్లలో పడుతుంది.

పోయిన శనివారం సాయంత్రం నేను వచ్చేసరికి అరుగు మీద ఇద్దరూ కూర్చొని ఉన్నారు. ఎవరితో ఏ భాష మాట్లాడాలన్న ఎరుక అమ్మీకి ఇప్పుడు లేదు. పక్కింటి అవ్వకు అమ్మీ ఉర్దూలో ఏదో పెద్ద కథ చెబుతోంది. ఉర్దూ ముక్క రాని అవ్వ చిక్కుడుకాయలు వలుస్తూ, "అవునా చెల్లె? అట్లనా? మరి నువ్వేమన్నవ్?" అని అడుగుతోంది. అమ్మీ నవ్వి ఇంకా చెబుతోంది. నేను దగ్గరికి వెళ్లి సలాం చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెవరి బిడ్డవమ్మా?" అని తెలుగులో అడిగింది.

"నీ బిడ్డనే అమ్మీ" అన్నాను. అరుగు మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

ఆ యంత్రం మీద పరిశోధన చేస్తున్నవారందరి శ్రమకు అల్లాహ్ సాఫల్యం ప్రసాదించుగాక. ప్రతి రోగానికీ మందు ఉందన్న ప్రవక్త మాటను వారు తమకు తెలియకుండానే వెంబడిస్తున్నారు. ఆ మందు దొరికిన రోజు మొగుళ్లపల్లి వంటి ఊళ్లలోని తల్లులకు కూడా అది భూమి అమ్మకుండానే అందుగాక. అంతవరకు వారికి అరుగు మీద చోటు, మన నాలుకల మీద మెత్తదనం కరువు కాకుండుగాక. ఆమీన్.